శుక్రవారం తెరిచిన పార్కు

మొన్న ఠాణే నుంచి భివండీకి వస్తుంటే మా ఆటో కాశేలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. రోడ్డుకు రెండు వైపులా గోదాములే. ఒక గోదాము గేటు పక్కన మిగిలిన పాత ప్రహరీ గోడ ముక్క మీద, రంగు వెలిసిన ఏనుగు బొమ్మ తొండం మాత్రం కనిపించింది. పక్కన కూర్చున్న మా అక్క మనవరాలికి చూపిద్దామనుకుని ఊరుకున్నాను. దాని గురించి చెప్పాలంటే వాళ్ల తాత, అంటే మా బావ గురించి చెప్పాలి, ఆయన మాట ఎత్తితే ఆటోలోనే ఏడుస్తాను. నా ఈడు వాళ్లు మీరైతే వింటారు కదా అని ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

తొంభైల చివరి మాట ఇది. అమ్మ పోయాక నేను భివండీలోని శాంతి నగర్‌లో అక్కా బావల దగ్గరే ఉంటూ, సాంచాలకు నూలు కండెలు చుట్టేదాన్ని. సాంచా అంటే మరమగ్గం, మా వాళ్లు అలాగే అంటారు. సిరిసిల్ల నుంచి చిన్న వయసులోనే వచ్చిన మా బావ పక్కనే ఉన్న నాగావ్‌లో సాంచాలు నడిపి నడిపి, నూలు దుమ్ము పీల్చి పీల్చి రొమ్ము చెడగొట్టుకున్నాడు. మళ్లీ ఆ దుమ్ములోకి పోతే మనిషి దక్కడని డాక్టరు అక్కతో తేల్చి చెప్పాడు. వేరే పని తెలియని మనిషి ఎక్కడికి పోతాడు? సరిగ్గా అప్పుడే కాశేలి వైపు, ప్రహరీ నిండా ఏనుగు బొమ్మలు గీసి, ఆ పార్కు తెరిచారు. జెయింట్ వీల్, నీళ్ల జారుడుబల్లలు, హోటలు, వరుసగా స్నానాల గదులు, వీటన్నిటి చుట్టూ తిరిగే పిల్లల రైలు. దానికి డీజిల్ ఇంజను పెట్టి, పైన ఉత్తుత్తి పొగగొట్టం బిగించారు. యంత్రాలు విప్పి బిగించిన చేయి కనుక బావకు ఆ రైలు నడిపే పని దొరికింది. నీలం యూనిఫాం, నెత్తిన టోపీ. అక్క ఆ టోపీకి కూడా ఇస్త్రీ చేయబోతే నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

ఆరుబయట గాలికి దగ్గు తగ్గింది. పడుకున్నప్పుడు వచ్చే ఆ పిల్లికూతలు కూడా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడక అక్క మొదట్లో లేచి లేచి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

కానీ పార్కుకు జనం రాలేదు. ఆదివారం పొద్దున మా నాకా చౌరస్తా దగ్గరికి రంగురంగుల చేపలు గీసిన పార్కు బస్సు టికెట్టు లేకుండా ఎక్కించుకుపోవడానికి వచ్చేది. అయితే భివండీలో ఆదివారం సాంచాలన్నీ నడిచేవి, ఊరికి సెలవు శుక్రవారం, ఆ శుక్రవారం చూస్తే పార్కు మూసేవారు. మా వీధి పెద్దమ్మలు మాత్రం సంచులు పట్టుకుని దర్జాగా ఆ బస్సెక్కి, దారిలో కూరగాయల మార్కెట్ దగ్గర దిగిపోయేవారు. అక్కడి నుంచి బస్సు డ్రైవరు ఒక్కడే పార్కుకు పోయేవాడు. స్నానాల గదుల్లో వాచ్‌మన్ బట్టలు ఆరేసుకునేవాడు.

"ఎవ్వలు ఎక్కకున్నా తిప్పాలె, లేకుంటే ఇంజన్ పట్టేస్తదట. ఒక్కన్నే గుండ్రంగ తిరుగుతుంటే సిగ్గయితది మరదలా" అని బావ ఒక సాయంత్రం నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు వెనక భయం నాకు తెలుసు. పార్కు మూసేస్తారన్న మాట అప్పటికే మొదలైంది. మూసేస్తే ఆయనకు మళ్లీ సాంచాయే గతి.

బొంబాయి నుంచి కొత్త మేనేజరు రాగానే బావ మా వాడకట్టు పెద్దలను వెంటబెట్టుకుపోయి, శుక్రవారం తెరవమని, ఊరంతటినీ తీసుకొచ్చే పూచీ తనదని బతిమాలాడు. మేనేజరు సరేనన్నాడు. బావ గల్లీ గల్లీ తిరిగి ఇంటింటికీ చెప్పి వచ్చాడు. ఆ శుక్రవారం బస్సు తలుపులకు జనం వేలాడారు. పులిహోర గిన్నెలు, సర్వపిండి మూటలు, చంకల్లో పిల్లలతో ఊరు ఊరంతా పార్కులో దిగింది. జెయింట్ వీల్ తొట్లన్నీ నిండాయి. మీట నొక్కారు. చక్రం కదలలేదు.

"శుక్రారం కదనే! సాంచాల లైన్ల కరెంటు ఏడుంటది?" అని వెనక నుంచి ఒక ముసలాయన నెత్తి కొట్టుకున్నాడు.

మా ఊరికి శుక్రవారం సెలవు వచ్చిందే కరెంటు వల్ల. ఆ రోజు సాంచాల లైనుకు కరెంటు ఆపేసేవారు. ఇళ్ల లైను వేరు కనుక ఇంట్లో టీవీ ఆడుతూనే ఉండేది, ఏళ్లు గడిచి మా అందరి బుర్రల్లో శుక్రవారమంటే ఉత్త సెలవుగానే మిగిలింది. పార్కుకు కూడా సాంచాల లైనే ఇచ్చారని, పాత మేనేజరు ఆ రోజు తాళం వేసింది అందుకేనని కొత్త మేనేజరుకూ తెలియలేదు, మాలో ఎవరికీ తట్టలేదు. అన్నేళ్లూ ప్రతి శుక్రవారం తన సాంచాలు ఆపిన బావకే తట్టలేదు! అక్కడి జనరేటరు ఆఫీసు ఫ్యాన్లకే సరిపోయేది.

జనం గొణగడం మొదలుపెట్టారు. బావ ఏమనుకున్నాడో, టోపీ సర్దుకుని పోయి డీజిల్ ఇంజను తిప్పాడు. ఇక పొద్దుగూకే దాకా ఆ రైలు ఆగలేదు. పిల్లల తర్వాత తల్లులు, ఆఖరికి మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు కూడా దాన్ని ఎక్కి కేరింతలు కొట్టారు. చీకటి పడుతుంటే బావ అక్క పక్కన కూలబడి, "చూసినవా? ఊరంత నా రైలే ఎక్కింది" అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్క రోజే.

యజమానులకు ఆ సంతోషంతో పనేముంది? రైలొక్కటి తిప్పితే ఖర్చులు రావని మరో శుక్రవారం గేటు తెరవలేదు. ఆదివారాలు మళ్లీ ఖాళీ, వానాకాలం పోయేసరికి తాళం పడింది. బావ కొన్నాళ్లు పని కోసం తిరిగి, ఒక పొద్దున ముక్కుకు తువ్వాల కట్టుకుని నాగావ్ దారి పట్టాడు. అక్క గడపలో నిలబడి చూసింది తప్ప ఆపలేదు, ఆపి ఏ దారి చూపిస్తుంది? డాక్టరు చెప్పిన మాట కొన్నేళ్లకే నిజమైంది.

ఇప్పుడు ఎన్నో సాంచాలు పాత ఇనుము కిందికి పోయాయి. మా వాళ్ల పిల్లలు గోదాముల్లో చేరారు, ఒక్కొక్కరికి ఒక్కో రోజు సెలవు, ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా పోవడమే గగనం. ఊరంతా ఒకే రోజు ఊపిరి తీసుకునే కాలం పోయింది. కరెంటు మాత్రం శుక్రవారం కూడా పోవడం లేదు, గోదాముల్లో పట్టపగలు లైట్లు వెలుగుతూనే ఉంటాయి. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎవరి మీదో నాకే తెలియదు. ఆనాడు ఆ ఒక్క రోజు కరెంటు ఉండి ఉంటే మా బావకు ఇంకొన్నేళ్లు ఊపిరి ఉండేది.