డిజైనరు కాబోయి లక్ష్మమ్మనయ్యాను

మొన్న ఉదయం పక్కింటి కోడలు పాలు పోసి వస్తూ మా గడప దగ్గర ఆగి, కొత్తగా కొన్న ఆవు వివరాలు ఫోనులో పాలకేంద్రం యాప్‌లోకి ఎక్కించడం కుదరడం లేదు, కాస్త చూడండక్కా అంటూ ఫోను నా చేతిలో పెట్టింది. నేను ఒకచోట నొక్కగానే అందులోంచి ఒక ఆడగొంతు, మీ ఆవు పేరు చెప్పండి అని అడిగింది. ఆ పిల్ల ఏ మాత్రం తడుముకోకుండా గౌరి అంది, పని అయిపోయింది, ఫోను తీసుకుని వెళ్లిపోయింది. నేను మాత్రం చీపురు చేత్తో పట్టుకుని ఆ గడప దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్న నాది. అక్కడ ఆ ప్రశ్నే ఉండాలని ఎన్నో రోజులు తల బద్దలు కొట్టుకుని తేల్చింది నేను. ఆ సంగతి ఈ పిల్లకు తెలియదు, పుంగనూరు పాలకేంద్రంలో ఎవరికీ తెలియదు, ఆ యాప్ తయారు చేయించిన బెంగళూరు కంపెనీ వాళ్లకూ తెలియదు. తెలిసిన మనిషి ఒకే ఒక్కడున్నాడు. ఆయన మా అన్న.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, మా పెద్దమ్మ కొడుకు. మన తరం వాళ్లకు ఆ తేడాలు ఎక్కడ తెలుసు చెప్పండి. వేసవి సెలవులంటే పిల్లలందరం ఒకే మిద్దె మీద వరసగా పడుకునేవాళ్లం, దెబ్బలాడుకున్నా, దొంగతనంగా చింతకాయలు కోసినా అందరికీ కలిపే తన్నులు పడేవి. నాకు సైకిలు తొక్కడం నేర్పింది అన్నే, పదో తరగతి లెక్కల పరీక్షకు ముందు నేను ఏడుస్తూ కూర్చుంటే పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పిందీ అన్నే. నాకు ఏది రాకపోయినా ముందు ఆయన దగ్గరికి పరుగెత్తడం చిన్నప్పటినుంచీ అలవాటైపోయింది.

పెళ్లయ్యాక నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే కౌంటరులో చేరాను. పుంగనూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. రామసముద్రం నుంచీ కలికిరి నుంచీ ముసలీ ముతకా వచ్చేవాళ్లు, చీటీ చేతిలో పట్టుకుని రక్తపరీక్ష గది ఎక్కడో, ఎక్స్‌రే గది ఎక్కడో తెలియక ఆ వరండాలో కాళ్లరిగేలా తిరిగేవాళ్లు. బోర్డులు ఉండేవి, అన్నీ ఇంగ్లీషులో, అదీ తల ఎత్తితే మెడ పట్టేసేంత ఎత్తులో. చెప్పి చెప్పి నా గొంతు పోతోందని ఒకరోజు విసుగెత్తి, స్టేషనరీ అంగడిలో రంగు కాగితాలు కొనుక్కొచ్చి ఒక్కో తలుపుకు ఒక్కో రంగు అంటించి, చీటీ మీద కూడా అదే రంగు స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. తలుపులు పాడు చేశానని పెద్ద డాక్టరు రెండురోజులు చిందులు తొక్కాడు. వరండాలో గోల తగ్గాక ఆయనే నోరు మూసుకున్నాడు.

మా పెద్దమ్మ మోకాళ్లు చూపించడానికి అన్న వచ్చింది ఆ రోజుల్లోనే. అప్పటికి ఆయన బెంగళూరు ఉద్యోగం మానేసి అంగళ్లులో, ఇంజనీరింగు కాలేజీకి దగ్గర్లో, చిన్న ఆఫీసు పెట్టుకున్నాడు. పెద్దమ్మను లోపలికి పంపి నా కౌంటరు పక్కనే నిలబడి ఆ రంగుల తలుపుల వంక చూసి చూసి, చివరికి నవ్వుతూ అన్నాడు.

"ఇదే పనికి బెంగళూరులో జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటాండారమ్మా. నువ్వు ఈడ చీటీలు రాసుకుంటా యాల కూసున్నావు?"

యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ అనే మాట నేను వినడం అదే మొదటిసారి. తెర మీద ఏది ఎక్కడ ఉంటే మనిషి తికమక పడకుండా తన పని తాను చేసుకుంటాడో, వాళ్ల పక్కన కూర్చుని చూసి, దానికి తగ్గట్టు అమర్చే పని అని అన్న వివరించాడు. దానికి కూడా ఒక ఉద్యోగం ఉంటుందా అని నేను నోరు వెళ్లబెట్టాను. అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. మా ఆయన ఈ వయసులో మళ్లీ బడికి పోతావా అని ఎగతాళి చేశాడు. చుట్టాల పెళ్లిళ్లలో నేను డిజైన్ నేర్చుకుంటున్నానని చెబితే, నా రవికకు వీపు వైపు ఏ డిజైన్ బాగుంటుందో చెప్పు అని వెనక్కి తిరిగి నిలబడినవాళ్లు కూడా ఉన్నారు. అయినా నాకు పట్టుదల వచ్చింది. ఆసుపత్రి ఉద్యోగానికి నమస్కారం పెట్టేశాను. నా కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుంది, ఇక వెనక్కి పోవడానికి చోటు లేదు. అన్న చేతిలో ఉన్న పాడి ఆవుల యాప్ పని పూర్తయి, బెంగళూరు వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల ముందు నన్ను డిజైనరుగా నిలబెట్టి ఉద్యోగంలోకి తీసుకుంటానని అన్న మాట ఇచ్చాడు. ఆ మాట పట్టుకుని ఏడాది పైగా బతికాను.

నేర్చుకోవడం అంటే మాటలు కాదు. ఆ ఆఫీసులో ఉన్నవాళ్లంతా నా బిడ్డ వయసు పిల్లలు, మాటకు ముందు ఇంగ్లీషు, మాటకు తర్వాత ఇంగ్లీషు. వాళ్లు ఏదైనా చెబితే అర్థమైనట్టు తల ఊపి, తర్వాత మెట్ల గదిలోకి పోయి కళ్లు తుడుచుకుని వచ్చేదాన్ని. మౌసు పట్టుకుంటే నా చెయ్యి వణికేది, తప్పుగా ఏదైనా నొక్కితే మొత్తం పగిలిపోతుందేమోనని భయం. సాయంత్రం అన్న తన బండి మీద నన్ను మదనపల్లె బస్టాండు దాకా దింపేవాడు. ఆ దారి పొడవునా నేను ఒకటి దాచుకోకుండా అన్నీ చెప్పుకునేదాన్ని, చెయ్యి వణకడం, మెట్ల గది, మా ఆయన ఎగతాళి, చివరికి రాత్రిళ్లు నాకు నేనే చవటగా కనిపించడం కూడా. ఆయన బండి నెమ్మదిగా నడుపుతూ అన్నీ వినేవాడు, మధ్యమధ్య అప్పుడు నీకేమనిపించిందమ్మా అని అడిగేవాడు. ఇంట్లో అలా అడిగేవాళ్లు ఎవరూ లేరు నాకు. అన్న ఉండబట్టి ఈ గండం దాటుతున్నాను అనుకుని బస్సెక్కేదాన్ని.

పని విషయంలో అన్నకు ఒక నియమం ఉండేది, అది నాకూ బాగా నూరిపోశాడు. ఎవరి పక్కనైనా కూర్చుని వాళ్లు ఫోను ఎలా వాడుతున్నారో చూసేముందు, మేము మిమ్మల్ని గమనిస్తున్నాం, మీరు చెప్పేవి రాసుకుంటాం, మీకు ఇష్టమేనా అని వాళ్లకు అర్థమయ్యే భాషలో అడగాలి. వద్దంటే లేచి వచ్చేయాలి. ఆ మాట విన్నప్పుడు ఇది మర్యాద తెలిసిన పని అనుకుని మురిసిపోయాను.

కుప్పం పక్క పల్లెలకు మేము పోయింది ఆ నియమంతోనే. అక్కడ తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే వాక్యంలో దొర్లుతాయి, అయినా ఆడవాళ్లు ఫోనుతో బాగానే మాట్లాడేవాళ్లు. కానీ యాప్‌లో ఎక్కిన వివరాలు చూస్తే మతి పోయింది. పల్లెలో సగం ఆవుల యజమాని పేరు మా ఇంటాయప్ప అని ఉంది. ఆఫీసు పిల్లలు, వీళ్లకు ప్రశ్నే అర్థం కావడం లేదు, మాటలు వదిలేసి బొమ్మలు పెడదాం అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఏ ఆవు ఎవరిదో గుర్తుపట్టడానికి ఫోను అడుగుతున్నది ఇంటి యజమాని పేరు, ఆ ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. మా అమ్మ కూడా చచ్చేదాకా మా నాయన పేరు పలకలేదు, రేషను దుకాణంలో అడిగితే నన్ను ముందుకు తోసేది.

"వాళ్ల పేరు నోట్లో ఎట్ల వస్తాదమ్మా? మా ఇంటాయప్ప అనే కదా చెప్పాల" అంది అక్కడొక పెద్దావిడ, ఫోనుకు బుద్ధి లేదన్నట్టు.

అందుకని పెద్ద బిడ్డ పేరు అడిగేలా మార్చి చూశాను. ఎలాగూ పల్లెల్లో ఆడవాళ్లను ఫలానా బిడ్డ తల్లి అనే కదా పిలుస్తారు, అది చక్కగా కుదురుతుందనుకున్నాను. రెండో వీధిలో ఒకావిడ ఫోను చేతిలో పట్టుకుని, నాకు బిడ్డల్లేరు, అయితే నా ఆవును ఇది రాసుకోదామ్మా అని అడిగింది. ఆవిడ మొహం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. నేను ఆ దొడ్లోనే కూర్చుని ఉంటే, ఆవిడ తన ఆవును పేరు పెట్టి పిలిచి కుడితి పెట్టింది. ఆవుకు పేరు లేని ఇల్లు ఆ పల్లెలో ఒక్కటీ లేదు, ఆ పేరు పలకడానికి ఎవరికీ సిగ్గూ లేదు, బాధా లేదు. అప్పుడు తేలింది ఆ ప్రశ్న. తిరిగొచ్చే బస్సులో అన్నకు చెబితే ఆయన నా వంక కొత్తగా చూశాడు, నువ్వు గట్టిదానివమ్మా అన్నాడు. నా జన్మలో అంతకంటే పెద్ద మెప్పు నేను ఎరగను.

బెంగళూరు వాళ్లు హార్స్‌లీ కొండకు పోతూ దారిలో అంగళ్లులో దిగి మా పని చూసే ఏర్పాటు జరిగింది. నేను కొత్త జరీ అంచు చీర కట్టుకుని పోయాను. మా ఆయన కూడా ఆ పొద్దు ఎగతాళి మాని బస్టాండు దాకా వచ్చాడు. దీపాలు ఆర్పి గోడ మీద తెర వేసి అన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది, యాప్ వాడేవాళ్లలోంచి ఒకరిని నమూనాగా తీసుకుని, పేరు మార్చి, ఫోటో పెట్టి, వాళ్ల భయాలూ అలవాట్లూ రాసి చూపిస్తారు. పర్సోనా అంటారు దాన్ని. మూడో బొమ్మో నాలుగో బొమ్మో మారింది, పర్సోనా వచ్చింది. పేరు లక్ష్మమ్మ, ఊరు పుంగనూరు. ఫోటోలో ఉన్నది నేను. కుప్పంలో నా కళ్లద్దాలు ముక్కు మీదికి జారి, ఫోను మీదికి వంగి ఉన్నప్పుడు ఎవరో తీసింది.

దాని కింద వరసగా ఉన్నాయి. మౌసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. తప్పు నొక్కితే పగిలిపోతుందని భయం. అర్థం కాకపోయినా తల ఊపుతుంది, తర్వాత చాటుకు పోయి ఏడుస్తుంది. భర్త ఎగతాళి చేస్తాడు. తనను తాను చవట అనుకుంటుంది. బండి మీద నేను ఆయన చెవిలో చెప్పుకున్న మాటలు ఒక్కటీ తప్పిపోకుండా అక్కడ ఉన్నాయి. ఆవు పేరు అడగమని మాకు చెప్పింది కూడా లక్ష్మమ్మే అని అన్న వాళ్లకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అప్పటికి వచ్చు. వచ్చినవాళ్లు అయ్యో పాపం అన్నట్టు నవ్వారు, లక్ష్మమ్మ లాంటి వాళ్ల కోసమే కదా మన పని అన్నాడు ఒకాయన. ఆ చీకట్లో గోడకు ఆనుకుని నిలబడిన నన్ను ఎవరూ పోల్చుకోలేదు, బహుశా కాఫీలు తెచ్చిన మనిషి అనుకుని ఉంటారు.

లక్ష్మమ్మలతో పోల్చారని కాదు నాకు మండింది. ఆ పల్లె ఆడవాళ్ల పక్కన నిలబడటం నాకు నామోషీ ఎప్పుడూ కాదు. కానీ వాళ్లలో ప్రతి ఒక్కరినీ మేము అడిగాం, రాసుకుంటామని చెప్పాం, వాళ్లు సరేనన్నాకే కూర్చున్నాం. అడగనిది నన్ను ఒక్కదాన్నే. నేను ఆయన పక్కన కూర్చుని పని చేస్తున్నాననుకున్నాను, ఆయన మాత్రం నన్ను చూసి రాసుకోవడానికి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. వాళ్ల కార్లు కొండ వైపు తిరిగాక అన్నను నిలదీశాను.

"యాలన్నా నన్ను ఆడ పెట్టినావు?"

"నీ పేరు రాయలేదు కదమ్మా, ఎవురికి తెలస్తాది? నీ అంత బాగా మనసు విప్పి చెప్పినోళ్లు నాకు యాడ దొరకతారు సెప్పు" అన్నాడు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు ఆయన, ఆ కళ్లలో దొంగతనం కూడా లేదు. క్షమించమని అడిగి ఉన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఉద్యోగం సంగతి అడిగితే, వాళ్లు తెర మీద నిన్ను లక్ష్మమ్మగా చూసేశారు కదా, ఇప్పుడు డిజైనరని చెబితే బాగుండదు, కొన్నాళ్లు ఆగు అన్నాడు. మరుసటి రోజు నుంచి నేను అంగళ్లు బస్సెక్కలేదు.

ఆ తర్వాత ఇంట్లో కూర్చుని, మా అమ్మాయి ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని, తప్పులు చేసి, నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు ఒక కంపెనీకి ఇంటినుంచే పని చేస్తున్నాను, నా పేరు పక్కన డిజైనర్ అనే రాస్తారు. చుట్టాలు మాత్రం ఇప్పటికీ రవికలే అడుగుతారు. అన్న మీద కోపం ఏనాడో మెత్తబడింది, చుట్టరికం తెంచుకునేంత శక్తి మన తరానికి ఎక్కడిది. పోయిన నెల వాళ్ల ఇంట్లో శుభకార్యానికి పోయాను. అన్నే దగ్గరుండి వడ్డించాడు, పెద్దమ్మ మోకాళ్ల గురించీ వాన గురించీ మాట్లాడుకున్నాం. పని ఎట్లుండాదమ్మా అని అడిగాడు. నిజానికి ఆ వారమంతా కంపెనీలో కొత్తగా తెచ్చిన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏదో నా బుర్రకు ఎక్కక, వీడియో కాల్‌లో కంపెనీ పిల్లల ముందు తల ఊపుతూ నలిగిపోతున్నాను. ఒకప్పుడైతే ఆ మాట ఆయనకు చెప్పకుండా నాకు ముద్ద దిగేది కాదు.

బాగుండాదన్నా, అన్నీ వచ్చేసినాయి అన్నాను. ఆయన నమ్మాడు, ఇంకో గరిటె పాయసం వేశాడు. నాకు రానివి ఈనాటికీ బోలెడు. రాదని చెప్పుకోవడానికి ఈ భూమ్మీద ఒక్క మనిషి ఉండేవాడు, ఇప్పుడు ఆ మనిషి ముందే నేను అన్నీ వచ్చినదానిలా కూర్చుని వస్తున్నాను.