మజ్జిగ కూడా పాలే

మా ఊరి అలర్జీ డాక్టరు గారు పోయారని మొన్న మంగళవారం ఉదయం ఆయన కాంపౌండరు ఫోన్ చేసి చెప్పాడు. క్లినిక్కి బయల్దేరబోతూ, చెప్పులు వేసుకుంటూ కూలబడిపోయారట. గుండెపోటు. మర్నాడు మా పత్రికలో ఆయన గురించి నాలుగు లైన్లు వచ్చాయి. రాసింది నేనే. 'ప్రముఖ వైద్యుడు' అని రాశాను. అది నిజం కాదు. అనకాపల్లిలో ఆయన్ని చాలామంది 'పత్యం డాక్టరు' అనేవారు, నవ్వుతూ. ఆ పేరు రావడానికి కారణం కూడా నేనే. ఆ నాలుగు లైన్లలో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

స్టేషన్ రోడ్డులో మేడ మీద రెండు గదులు ఆయన క్లినిక్. తుమ్ములు, ఆయాసం, దద్దుర్లు ఉన్నవాళ్లు వచ్చేవారు. అడిగి మరీ సూది వేయించుకునే ఊళ్లో ఆయన సూది వేసేవారు కాదు. రెండోసారి వచ్చేటప్పుడు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోమనేవారు. ఎదురుగా కూర్చోబెట్టి తినమనేవారు. వాచీ విప్పి బల్ల మీద పెట్టుకుని, ఎంతసేపు తిన్నారు, ఎన్నిసార్లు నీళ్లు తాగారు అని చీటీ మీద రాసుకునేవారు.

"నాను తుమ్ములకొచ్చేనండి బాబూ, బోజనానికి కాదు" అని ఒక రైతు విసుక్కోవడం నేను విన్నాను.

"తుమ్ములెక్కడికీ పోవులే. ముందు తిను" అన్నారాయన. ఆ తర్వాత నాతో, "రోగి చెప్పేది సగం. తినేటప్పుడు చూస్తే మిగతా సగం" అన్నారు.

మా వీధి చివరింట్లో బెల్లం మార్కెట్ కాటా గుమస్తా ఒకతను ఉంటాడు. ఇది కొన్నేళ్ల కిందటి మాట, అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆయాసానికని తల్లిని తోడు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు. ఇతను ముద్దకో గుక్క నీళ్లు తాగడం డాక్టరు గారు చూశారు.

"సిన్నప్పట్నుంచీ అంతే బాబూ" అంది తల్లి. "అందరూ సెయ్యి కడిగేసినా ఈడింకా నవుల్తానే ఉంటాడు. నాన్సుడు తిండి."

"నాన్చడం కాదమ్మా. దిగట్లేదు" అన్నారాయన.

అంతకు ముందు ఏడాది ఓ ఆదివారం, చర్చి నుంచి వచ్చి కోడికూర తింటుంటే అతని గొంతు కింద ముక్క ఇరుక్కుంది. విశాఖలో గొట్టం వేసి తీశారు. లోపల అంతా బాగానే ఉందని రిపోర్టు ఇచ్చారు. డాక్టరు గారు ఆ ఆసుపత్రికి చేత్తో ఉత్తరం రాశారు. పైకి బాగానే కనిపించినా సరే, అన్నవాహిక లోపలి గోడ నుంచి పైనా కిందా చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపమని. పంపారు. ఆ ముక్కల నిండా ఇసినోఫిల్ కణాలున్నాయి. జబ్బు పేరు ఇసినోఫిలిక్ ఈసోఫెజైటిస్.

"మనవాళ్లు ఇస్నోఫీలియా అంటారే, ఆ కణాలే" అని డాక్టరు గారు అతనికి చెప్పారు. "నీకు అన్నం దిగే దారిలో చేరాయి. ఏదో తిండి వాటిని పిలుస్తోంది. ఇరుక్కున్న ముక్క తియ్యడం విశాఖ డాక్టరు పని. ఏది తింటే దారి ఇరుకవుతోందో పట్టుకోవడం నా పని."

చర్మం మీద చేసే పరీక్ష ఈ జబ్బులో నమ్మకంగా చెప్పదని కూడా ఆయనే అన్నారు. మానేసి చూడటమే దారి. పాలు, గుడ్డు, గోధుమ, సోయా, వేరుశనగ, జీడిపప్పు లాంటివి, చేపా రొయ్యా రెండు నెలలు మానాలి. మళ్లీ అన్నవాహిక ముక్క తీసి చూడాలి. బాగుపడితే ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టాలి. అలాగని చీటీ రాసిచ్చారు.

నెల తిరిగేసరికి అతనికి మళ్లీ ముద్ద ఇరుక్కుంది. మళ్లీ విశాఖ. మనిషి చిక్కిపోయాడు. తల్లీకొడుకులు క్లినిక్కి వెళ్లడం మానేశారు. తల్లి నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు పేపర్లో రాయి బాబూ. గుడ్డొద్దు, సేపొద్దు, పాలొద్దు అని అన్నీ మాన్పించేసేడు. మావోడు పుల్లలాగయిపోనాడు. మజ్జిగన్నం మీద బతుకుతన్నాడు."

రాశాను. 'ప్రాణం మీదికి తెచ్చిన పత్యం' అని శీర్షిక పెట్టాను. 'మజ్జిగన్నంతో ప్రాణాలు నిలుపుకొంటున్నాడు' అని ముగించాను. డాక్టరు గారికి ఒక్క ఫోను చేసి ఆయన మాట అడగలేదు. అప్పటికి నాకు పదిహేనేళ్ల అనుభవం.

వార్త వచ్చిన రోజు ఉదయమే ఆయన స్కూటర్ మీద మా ఆఫీసుకి వచ్చారు. పత్రిక మడిచి చేతిలో ఉంది. గొడవకే వచ్చారనుకున్నాను.

"ఈ చివరి లైను మీరు చూసి రాశారా, విని రాశారా?"

"విన్నానండి. వాళ్లమ్మ చెప్పింది."

"మజ్జిగ అనే చెప్పిందా?"

"అవునండి."

"అయితే పదండి. నన్ను వాళ్లింటికి తీసుకెళ్లండి" అన్నారు. శీర్షిక గురించి ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

మమ్మల్ని చూసి ఆ తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటమ్మా, పాలు మాన్పించమన్నాను కదా?"

"సుక్క ముట్టలేదు బాబూ. టీ కూడా డికాషనే తాగుతన్నాడు."

"మరి మజ్జిగ?"

"మజ్జిగ పాలేటి బాబూ? మజ్జిగ మజ్జిగే. అన్నీ మానేత్తే కడుపు ఏడి సేత్తాదని సలవకి మూడు పూట్లా పోత్తన్నాను. ఇదివరకు ఒక్క పూటే తాగేవోడు."

మంచం మీంచి ఆ గుమస్తా అన్నాడు: "అయితే నన్ను సంపేత్తంది డాక్టరు గారు కాదన్నమాట. నువ్వేనే అమ్మా!"

అందరం నవ్వాం. డాక్టరు గారు నవ్వలేదు. "తప్పు ఆవిడది కాదు" అన్నారు. "చీటీ మీద పాలు అని రాసి ఊరుకున్నాను. మా ఇంట్లో మాత్రం మజ్జిగని పాలంటామా? నాకు తట్టి ఉండాలి." అక్కడే కూర్చుని కొత్త చీటీ రాశారు. పాలు అంటే పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, వెన్న, కోవా. మజ్జిగ కింద మూడు గీతలు గీశారు.

రెండు నెలల తర్వాత తీసిన ముక్కల్లో ఆ కణాలు దాదాపు లేవు. మిగతా తిళ్లు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి, ఏదీ ఇబ్బంది పెట్టలేదు. అతనికి సరిపడనిది పాలొక్కటే. ఓ రోజు తనే క్యారేజీలో కోడికూర తెచ్చుకుని క్లినిక్‌లో కూర్చుని తిన్నాడు. నేనూ ఉన్నాను. తినడం అయ్యాక డాక్టరు గారు వాచీ చేతికి పెట్టుకుని, "నీళ్లు మర్చిపోయావురా" అన్నారు.

ఆ రోజు ఆయన నన్ను ఒకటి అడిగారు. తన గురించి దిద్దుబాటు వేయమని కాదు. "మజ్జిగ కూడా పాలే అని ఒక్క లైను వెయ్యండి చాలు. ఈ చుట్టుపక్కల ఇంకెంతమంది ఇలా నీళ్లతో ముద్ద దింపుకుంటున్నారో" అన్నారు.

మా పత్రిక డెస్కుకి ఫోన్ చేశాను. "బాగయ్యాడా? మంచిదే. కొత్తదేమన్నా ఉంటే పంపు" అన్నారు. వారం తర్వాత ఇంకోసారి అడిగాను. మూడోసారి అడగలేదు. ఆ లైను అచ్చు కాలేదు.

నా వార్త మాత్రం నిలిచింది. పాయకరావుపేట నుంచి రావలసిన ఒకామె అది చదివి రావడం మానేసిందని కాంపౌండరు చెప్పాడు. ఆమెకీ ముద్దకో గుక్క నీళ్లే. తర్వాత ఆమె ఏమైందో నాకు తెలియదు, కనుక్కోలేదు. టీ కొట్టు దగ్గర 'పత్యం డాక్టరు' అని జోకులు విన్నాను. అసలు జరిగిందేమిటో తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. టీ తాగి వచ్చేసేవాణ్ణి. ఏడాది తిరిగేలోపు రెండు గదులు ఒక గదయ్యాయి. గోడకి మాత్రం ఆయన చేత్తో రాసిన కాగితం ఒకటి ఉండేది, మజ్జిగ కింద ఆ మూడు గీతలతో. ఎదురుగా బెంచీ మీద చాలాసార్లు ఎవరూ ఉండేవారు కాదు.

ఆయన పోయిన మంగళవారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఎండ మండిపోతోంది. వరండాలో ఆయన్ని పడుకోబెట్టారు. వచ్చినవాళ్లు తక్కువ. ఊళ్లోని డాక్టర్లు నలుగురైదుగురు దండ తెచ్చారు. వాళ్లే మజ్జిగ తెప్పించి అందరికీ పోయిస్తున్నారు. కాటా గుమస్తా మార్కెట్ నుంచి అలాగే వచ్చాడు, చొక్కా మీద బెల్లం మరకలతో. ఒక పెద్ద డాక్టరు గారు తన చేత్తోనే అతనికి గ్లాసు అందించారు. అతను పుచ్చుకోలేదు.

"పాలు నాకు పడవండి" అన్నాడు.

"పాలు కాదయ్యా, మజ్జిగ. చలవ చేస్తుంది, తాగు" అన్నారు ఆ పెద్ద డాక్టరు.

గుమస్తా గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. వరండా వైపు తిరిగి, అక్కణ్ణుంచి ఎవరైనా జవాబు చెబుతారేమోనన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.