ఊరేగింపు చూసే మనిషి

నెబ్రాస్కాలో మాది చిన్న హైస్కూలు, క్లబ్బులకు మాత్రం కొదవ లేదు. పాత విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్ రోజున ఊరేగింపులో క్లబ్బుకో ట్రాక్టరు బండి ఉండాల్సిందే. పిల్లలు చాలక, ఉన్నవాళ్లే ఒక బండి మలుపు తిరగ్గానే దూకి, చొక్కా మార్చుకుని వెనక బండి ఎక్కేవారు. పక్క ఊళ్లవాళ్లు విని నవ్వేవారు. నవ్వనీ. పెద్దలు ట్రాక్టర్లు నడిపితే, ముసలివాళ్లు బ్యాండు వాయించేవారు.

ఇక చూసేది బడి వంటమనిషి ఆర్లిస్ కుబిక్ ఒక్కతే. పోస్టాఫీసు ముందు మడతకుర్చీలో కూర్చుని, మూడోసారి వచ్చిన పిల్లకైనా కొత్తగా చూసినట్టే చేయి ఊపేది. అవతలివాళ్లు మొక్కుబడిగా ఊపితే ఊరుకునేది కాదు.

"ఏమే బ్రిన్, చెయ్యి ఊపుతున్నావా, ఈగలు తోలుతున్నావా?"

ఆమె రిటైరైన ఏడాది పిల్లలు ముందు బండి మీద సోఫా వేశారు.

"ఎక్కండి, మిసెస్ కుబిక్," అంది బ్రిన్.

"నేనెక్కితే చూసేదెవరు? మీ తాతా? ఆయన బాకా ఊదుతున్నాడు."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక్కొక్కరే బండ్లు దిగారు. ట్రాక్టర్లు ఆగాయి, బ్యాండూ ఆగింది. ఊరంతా రోడ్డు పక్కన బారుగా కూర్చుంది.

ఆర్లిస్‌ను ఎక్కించుకుని ఒకే ఒక్క బండి కదిలింది. ఆమె బిగుసుకుపోయి, చెయ్యి కాస్త పైకెత్తింది.

మడతకుర్చీలోంచి బ్రిన్ కేకేసింది.

"ఏంటండీ, ఈగలు తోలుతున్నారా?"