ఉప్పు లేని ముక్కలు

పోయిన నెల మా మామ చనిపోయారు. మామ అంటే నా భర్త తండ్రి. ఆ పొద్దు డయాలసిస్‌కు తీసుకుపోవాలని ఆటో పిలిచాం. ఆటో వచ్చింది, ఆయన లేవలేదు. అందరికీ తెలిసి వచ్చిన చావే అయినా ఇంట్లో ఎవరికీ ఏడుపు ఆగలేదు.

జమ్మలమడుగు పక్క పల్లెలో గొర్రెలు కాచి పిల్లల్ని చదివించిన మనిషి ఆయన. ఉప్పూ కారం పూసి, నిప్పుల మీద కాల్చి, చేనిగట్టున కూర్చుని తింటేనే ఆయన లెక్కలో అది మాంసం. కిడ్నీలు చెడిపోయాక ప్రొద్దుటూరులో మా మేడమీది అద్దె ఇంటికి వచ్చారు. డాక్టరు ఉప్పు మాన్పించాడు, నీళ్లు కొలిచి ఇమ్మన్నాడు. మాంసం మాత్రం అప్పుడప్పుడు నాలుగు ముక్కలు తినవచ్చన్నాడు. మేడ మీద నిప్పులు రాజేస్తే ఇంటి ఓనరు ఊరుకోడు. అందుకని నా భర్త కరెంటు గ్రిల్లు కొన్నాడు.

దాన్ని చూసి మామ, "ఇదేందమ్మీ, ముక్కలకు ఇస్త్రీ చేస్తాండావా?" అన్నారు.

ఉప్పు లేకుండా రుచి తేవడం నాకు పంతమైంది. నీళ్ల పెరుగు పట్టిస్తే ముక్క కాలదు, ఉడుకుతుంది. గుడ్డలో కట్టి నీరు వార్చిన పెరుగులో మిరియాలు, వేయించిన ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి, కాస్త నూనె కలిపి ముందురోజే పట్టించేదాన్ని. నిమ్మరసం కూడా అప్పుడే పోస్తే ముక్క పైపైన పిప్పి అయ్యేది. "నిమ్మకాయ ఆఖర్న పిండమ్మీ" అని చెప్పింది మామే. ముక్కలు కోసిచ్చేది కూడా ఆయనే.

తిన్నాక మాత్రం తిట్టేవారు. "గొర్రెలకే బండ మీద ఉప్పు పోసి సాకినోన్ని. నాకు లేకుండా చేస్తిరే." నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఒకసారి దొంగతనంగా ఊరగాయ తిని, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, చావు అంచుదాకా పోయి వచ్చారు. అప్పటినుంచి ఊరగాయ జాడీ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయనకు వండేటప్పుడు నా చెయ్యి ఉప్పు డబ్బా వైపే పోయేది కాదు.

ఒక ఆదివారం ముక్క నమిలి, "ఈ పొద్దు ఉప్పేసినావు కదా?" అన్నారు. వెయ్యలేదు. "కొంచెం" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని ప్లేటు ఖాళీ చేశారు. అంత సంతోషం ఆ వంటింట్లో నాకు మళ్లీ దొరకలేదు.

దినం నాడు చేనులో సమాధి దగ్గర ఆయనకు ఇష్టమైనవి పెట్టాలి. ముక్కలు నేనే కాల్చి తీసుకుపోయాను. ఆకులో పెట్టి, మొక్కి, మిగిలినవి తలా ఒకటి తీసుకున్నాం. పులివెందుల నుంచి వచ్చిన మామ అక్క నమలడం ఆపి నన్ను చూసింది.

"ఉప్పేదమ్మీ?"

నా భర్త తల దించుకున్నాడు. పోయిన మనిషికి కూడా చప్పిడి కూడే పెట్టానని అప్పుడు తెలిసింది.

ఆ ముసలామె నన్ను ఒక్క మాట అనలేదు. అన్నంలోకని తెచ్చిన ఉప్పు ప్యాకెట్టు చించి, సమాధి పక్కన కూర్చుని, ముక్కల మీద గుప్పెడు చల్లింది.

"తిను నాయనా. ఇంగ నిన్ను వద్దనేటోళ్లు యాడుండారు" అంది.

మరో గుప్పెడు పోసింది. ఆకు దాటి నల్లరేగడి మీద ఉప్పు తెల్లగా పడింది. ఇంకో గుప్పెడు తీస్తుంటే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"చాలు, అంత వద్దు" అన్నాను.