బావగారి సంతకం

ఐ.పోలవరంలో ఒక రొయ్యల కంపెనీలో నేను లెక్కలు రాసే రోజుల్లో, కాకినాడ నుంచి ఒక ఆడిటరుగారు వచ్చేవారు. చాలా నెమ్మదస్తులు. ఏది అడగాలన్నా ముందు కళ్లజోడు తీసి, "ఏమీ అనుకోకండీ" అనేవారు.

తెల్లమచ్చ తెగులు వచ్చిన ఏడు మా చెరువుల్లో రొయ్యలన్నీ చచ్చిపోయాయి. అయినా బతికున్న సరుకుగానే లెక్కల్లో చూపించమన్నారు ఛైర్మన్‌గారు.

"ఏమీ అనుకోకండీ, చెరువులు ఓసారి చూడాలండీ" అన్నారు ఆడిటరుగారు.

"నా మాట మీద నమ్మకం లేదా బావగారూ? ముందు భోజనానికి లేవండి" అన్నారు ఛైర్మన్‌గారు.

వాళ్లిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ పిలుపుతోనే ఆయన మెత్తబడిపోయారు. కిటికీలోంచి కుళ్లు వాసన కొడుతూనే ఉంది. లెక్కల మీద సంతకం పెట్టేశారు.

కొన్నాళ్లకు కంపెనీలో వాటా కొందామని హాలండు నుంచి ఒకావిడ వచ్చింది. కాఫీ అయినా తాగకుండా నేరుగా చెరువు గట్టెక్కింది. తిరిగొచ్చి ఆడిటరుగారిని పిలిపించి, "మీరు చెరువు చూడలేదా?" అని అడిగింది.

"పెద్దమనిషి మాటిచ్చాక వెళ్లి చూస్తే అవమానించినట్టేనండీ."

ఆవిడకు అర్థం కాలేదు. కారెక్కి వెళ్లిపోయింది.

సాయంత్రానికి సంగతి తెలిసి, పొలాలు తాకట్టు పెట్టి కంపెనీకి డబ్బిచ్చిన రైతులు ఆవరణలోకి వచ్చారు. ఛైర్మన్‌గారు అప్పటికే ఊళ్లో లేరు. ఎవరూ కేకలు వేయలేదు. ఒక పెద్దాయన ఆడిటరుగారి దగ్గరకొచ్చి, "మీ సంతకం చూసే ఇచ్చేమండీ. ఇప్పుడేం చెప్తారండీ?" అన్నాడు.

వెనకాల ఎవరో గేటుకు గొళ్లెం పెట్టారు.