కౌన్సెలర్ మేడం కింది సొరుగు

కౌన్సెలర్ మేడం రాగానే చెప్పులు బల్లకింద విడిచి, కళ్లజోడు నుదుటిమీదికి తోసి, రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ ముందు పిల్లలు కార్చిన కన్నీళ్లు పట్టి ఉంటే కాలేజీ ట్యాంకుకు మోటారే అక్కర్లేకపోయేది. చదువు మానేసేవాళ్లు నింపాల్సిన ఫారాలు ఆవిడ కింది సొరుగులో ఉంటాయి. బిగుసుకుపోయిన ఆ సొరుగు ఓ పట్టాన రాదు. ఒకసారి లాగి "ఇంట్లో తెలుసా?" అంటుంది. ఇంకోసారి లాగి "ఏమన్నా తిన్నావా?" అంటుంది. ఈలోగా పిల్లలు కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు, సగంమందికి ఫారంతో పనే ఉండదు. అది తెరుచుకునేలోపు ఒకడు డిగ్రీ పూర్తిచేసి, పెళ్లి శుభలేఖ కూడా ఇచ్చి వెళ్లాడని అటెండరు ఒట్టేసి చెబుతాడు. బాగుచేస్తానన్న వడ్రంగిని ఆవిడ మూడుసార్లు గుమ్మంలోంచే పంపేసింది.

నిన్న ఆవిడ సెలవు పెట్టింది, వడ్రంగి పని కానిచ్చేశాడు. ఇవాళ రెండో ఏడాది అమ్మాయి సామాన్ల సంచీతో సహా వచ్చి, "మానేస్తున్నా మేడం, ఫారం ఇవ్వండి," అంది. మేడం అలవాటు ప్రకారం బలమంతా పెట్టి లాగింది. సొరుగు జర్రున వచ్చి ఆవిడ మోకాలికి కొట్టుకుంది. పైనే ఉన్నాయి ఫారాలు. ఇద్దరూ వాటిని చూశారు. మేడం మోకాలు రాసుకుని, నిట్టూర్చి, సొరుగును మెల్లగా మూసేసింది.

"రావట్లేదమ్మా. ఓపిక లేనిదాన్ని, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి."

అమ్మాయి ఆవిడ వంక చూసింది. సంచీ కింద పెట్టి, పిడి పట్టుకుని ఉత్తుత్తినే లాగింది.

"అవును మేడం," అంది, "బాగా బిగుసుకుంది."