ఎర్రదారం కట్టిన చోటు

పోయిన వారం మా బ్రాడీపేట అపార్టుమెంటు లిఫ్టుకి కొత్త కేబులు వేస్తూ ఎలక్ట్రీషియన్ దాని పైపొర ఒలిచి కింద పడేశాడు. దాంతోపాటే రాగితీగ మీద చుట్టిన టేపు ముక్క కూడా పడింది. ఎందుకో వంగి తీశాను. బొటనవేలికి తళుకుపొడి అంటుకుంది. మైకా టేపు. మంటలు అంటుకున్నా తీగ కాసేపు పనిచెయ్యాలని చుట్టేది. ఆ తళుకు చూడగానే మా పెద్దక్క మొగుడు, మా బావ, గుర్తొచ్చి చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాను.

చీరాలలో మగ్గం మీద ఇల్లు గడవక బావ పని అడిగితే, గుంటూరు పక్కన నేను సూపర్‌వైజరుగా ఉన్న కేబుల్ ఫ్యాక్టరీలో టేపు చుట్టే మిషను మీద పెట్టించాను. పెట్టించానని చుట్టాలందరికీ చెప్పుకున్నాను కూడా. చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకు తిరిగే రోజులవి. ఆయన నెల తిరక్కుండానే నాకంటే బాగా పని నేర్చాడు. టేపు బిగువు వేలితో తాకి చెప్పేవాడు. తెగితే అతికించి, ఆ చోట తీగకి ఎర్రదారం కట్టేవాడు. పైన ప్లాస్టిక్ పొర ఎక్కేలోపు ఆ ముక్క కోసి తీసెయ్యమని గుర్తు. "మగ్గం మీద పోగు తెగితే దాచుకుంటామా బామ్మర్దీ? కొనేవాడికి మనం కనపడం, గుడ్డే కనపడుద్ది," అనేవాడు. మిషనుకీ మగ్గానికీ చుట్టరికం కలపొద్దని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

ఒకసారి ఒక ఆసుపత్రికి వెళ్ళాల్సిన సరుకు ఆలస్యమైంది. తీగ చుట్టిన డ్రమ్ము మీద మూడు ఎర్రదారాలున్నాయి. మూడుచోట్లా కోస్తే తీగ ముక్కలవుతుంది, పని మళ్ళీ మొదటికొస్తుంది. బావ టీకి వెళ్ళినప్పుడు మూడూ బ్లేడుతో తెంపి జేబులో వేసుకున్నాను. ఆ రాత్రి ఇంటికి వెళ్ళకుండా దగ్గరుండి పైపొర ఎక్కించాను. మర్నాడు తనిఖీకి వచ్చినాయన పూర్తయిన కేబులుని చేత్తో తడుముతూ, ఉబ్బుగా ఉన్నచోట కోయించాడు. లోపల టేపు అతుకు ఊడిపోయి ఉంది.

"ఎవరయ్యా చుట్టింది?" అన్నాడు మా ఓనరు.

"నేనేనండి. అతుకు పడ్డచోట దారం కట్టానండి," అన్నాడు బావ.

"ఏదీ దారం?"

బావ నా వైపు చూశాడు. నేను డ్రమ్ము మీద నంబరు చదువుతున్నట్టు నిలబడ్డాను. ఒక దారం కొస పెన్నుల పక్కనుంచి జేబు బయటికి వేలాడుతోందని ఇంటికెళ్ళి చొక్కా విప్పేటప్పుడు గానీ చూసుకోలేదు.

బావని ఆ సాయంత్రమే మానిపించారు. వేటపాలెంలో జీడిపప్పు పనికి చేరాడు. జీడి రసానికి ఆయన వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. నేను చూడటానికి వెళ్ళినప్పుడు "అసలేం జరిగిందిరా అక్కడ?" అని అక్క నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే బావ, "ఆ మిషను చప్పుడు నాకు పడలేదులేవే. వాడికి ఇంకాస్త పప్పు వెయ్యి," అన్నాడు. ముద్ద గొంతు దిగలేదని రాసుకుంటే బాగుంటుంది గానీ, దిగింది.

పోయిన వారం చేతికంటిన ఆ తళుకు కడుక్కుని వచ్చి బావకి ఫోన్ చేశాను.

"ఎండలెలా ఉన్నాయి బావా?"

"ఉన్నాయిలే. నీ గొంతేంటి, అదోలా ఉంది?"

"జలుబు చేసింది," అన్నాను.

ఇన్నేళ్ళూ చెప్పడానికి సమయం దొరకలేదని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. దొరికింది. దొరికిన ప్రతిసారీ ఇలాగే ఎండల గురించి అడిగి పెట్టేశాను.